కొట్టివేత

లుసికిసికి.
రెల్లుగడ్డిలోకి గాలి దూరితే వచ్చే చప్పుడే
మా ఊరికి పేరయిందంటారు.
కోర్టు వెనక గదిలో మాత్రం
ఫ్యాను చప్పుడొక్కటే.

పదహారేళ్ళుగా ఇక్కడ గుమాస్తాని.
ఛార్జిషీట్లు టైపు కొట్టిన వేళ్ళే ఇవి.
గంజాయి, నాలుగు గోనెసంచులు, తడిది.
గంజాయి, దిండు గలీబు నిండా.
గంజాయి, మొక్కలు, లెక్కపెట్టలేదు.
కామాలతో సహా నాకు కంఠతా వచ్చు.

ఇప్పుడు చట్టం మారింది.
రాజధాని నుంచి ఫారాలొచ్చాయి, లేత నీలం రంగువి,
పాత శిక్షలు కొట్టివేయడానికి.
ఎర్ర సిరా, స్కేలు, నేను.

మంగళవారం నోసఖేలె వచ్చింది,
కొండ దిగి, మూడు టాక్సీలు మారి,
చీలమండల దాకా ఎర్రమట్టితో.
రొట్టె చుట్టిన గుడ్డలోంచి ఒక కాగితం తీసింది.
మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలు.
బల్ల మీద పేర్చి చూస్తే
ముద్దాయి: సిదుమో. పద్దెనిమిది నెలలు.
అడుగున, మూలన, టైపు చేసినవాడి పొట్టి సంతకం.
నాది.
ఆమె చూడలేదు. చూసి ఊరుకుందో.

"కొట్టేస్తారటగా?"
"అవునమ్మా."
"ఆ రోజు ఆయన్ని కొట్టారు.
ఈ రోజు ఆయన పేరు కొట్టేస్తారు.
మీ చేతులకి ఇంకో పని రాదా నాయనా?"
నవ్వింది.
నేను నవ్వచ్చో లేదో తెలియలేదు.

ఏడో గడి: శిక్ష పడినవారి సంతకం.
"ఆయన పోయి ఆరేళ్ళు."
"అయితే వారసులు పెట్టాలి."
"వారసత్వమా? ఇదేగా మాకు మిగిలింది,"
అని నాలుగు ముక్కల్నీ అరచేత్తో దగ్గరికి జరిపింది.

అడగకుండానే చెప్పుకొచ్చింది.
ఆ ఏడు హెలికాప్టరు మూడుసార్లు వచ్చిందట.
పిచికారీ మందుకి చదువొచ్చా,
ఏది గంజాయో ఏది గుమ్మడో పోల్చుకోవడానికి?
మొక్కజొన్న నిలువునా పసుపు తిరిగింది.
గుమ్మడి పిందెలు తీగ మీదే నల్లబడ్డాయి.
ఒక మేక నురగ కక్కింది.
గంజాయి మటుకు తొలివానకే మళ్ళీ లేచింది
ఏమీ ఎరగనట్టు.

"నేనెన్నడూ తాగలేదు. ఆ వాసనకే నాకు తలనొప్పి.
అమ్మాను.
చిన్నదాని స్కూలు బూట్లకి. ఇంటి రేకులకి.
మా అత్త కంటి ఆపరేషనుకి, ఒక కన్నుకే సరిపోయింది.
ఇప్పుడు కొత్త చట్టం ఏమంటోందో చదువు."

చదివాను.
ఇంట్లో పెంచుకోవచ్చు. తలుపేసుకుని పీల్చుకోవచ్చు.
అమ్మితే మాత్రం నేరం.
అమ్మాలంటే లైసెన్సు,
లైసెన్సుకి ఇనప కంచె, కెమెరాలు, పరీక్షల కాగితాలు.
ఆ కంచె డబ్బుతో వాళ్ళ కొండే కొనచ్చు.

చాలాసేపు ఆలోచించింది.
"మా ఇంటికి తలుపు లేదు," అంది,
"గోనెపట్టా ఉంది.
అది చాలుతుందా మీ చట్టానికి?"

ఫారం వెనక్కి తిప్పాను. చిన్న అక్షరాలు:
సొంత వాడకం కేసులకు మాత్రమే.
ఆమె కాగితం మూడో ముక్క మీద
నేను కొట్టిన మాట: అమ్మకానికి.

గుర్తుంది. వాన రోజు.
సార్జెంటు బిస్కెట్టు టీలో ముంచుతూ
"నాలుగు సంచులు సొంతానికంటే నవ్వుతారోయ్,
అమ్మకం అని కొట్టు," అన్నాడు.
కొట్టాను.
సిదుమో బెంచీ మీద కూర్చుని
నా వేళ్ళనే చూస్తున్నాడు, ముచ్చటగా,
అంత వేగం ఎన్నడూ చూడనట్టు.

ఆమెకి సార్జెంటు సంగతి చెప్పలేదు.
"ఈ కేసు దీని కిందికి రాదమ్మా" అని మాత్రం అన్నాను.
గొంతు నాది కానట్టుంది.

ముక్కలు ఏరుకుని మళ్ళీ గుడ్డలో చుట్టింది.
నాకో రొట్టె ముక్క పెట్టింది, వద్దన్నా.
గుమ్మం దగ్గర ఆగి,
"మళ్ళీ మారితే కబురు పెట్టు.
పైన ఈసారి నడుమెత్తున ఉన్నాయి," అంది.

ఆ మాట
నేనెక్కడా టైపు కొట్టలేదు.